పుట్టుకతో వచ్చింది, నలభైలో బయటపడింది
గుండె డాక్టరుకు మీ ఉత్తరాలు

పోయిన నెల గుండె వాల్వుల (రక్తాన్ని ఒకే దిక్కుకు పోనిచ్చే తలుపుల) గురించి నాలుగు ముక్కలు రాశానో లేదో, ఆదోని నుంచి జమ్మలమడుగు దాకా ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టులు ఫోటోలు తీసి పంపేశారు. అన్నీ చదివాను. ఎక్కువ భాగం పుట్టుకతోనే గుండెలో ఏదో ఒక తేడా ఉండి, అది ఏళ్ల తర్వాత వాల్వు జబ్బుగా తేలినవే. వాటిలో కొన్ని చాలా అరుదైనవి, రోజూ గుండె పేషంట్లను చూసే డాక్టర్లకు కూడా ఎప్పుడో గానీ కనపడవు. ఉత్తరాలు కుదించాను, పేర్లు తీసేశాను. కాగితం చూసి చెప్పేది వేరు, మనిషిని పడుకోబెట్టి విని చెప్పేది వేరు, అది మనసులో పెట్టుకుని చదవండి.

ప్రశ్న: సార్, నాకు 41 ఏళ్లు, ఆర్టీసీలో కండక్టర్ని. హెల్త్ క్యాంపులో డాక్టరమ్మ నా గుండె మీద స్టెత్ పెట్టి చాలాసేపు వినింది, ఎకో తీయించుకోమనింది. రిపోర్టులో బైకస్పిడ్ అయోర్టిక్ వాల్వ్, మైల్డ్ స్టెనోసిస్, మైల్డ్ లీక్, అసెండింగ్ అయోర్టా 41 ఎంఎం అని ఉంది. ఇది పుట్టుకతో వచ్చిందంటున్నారు. మరి ఇన్నేళ్లు ఎవరికీ ఎందుకు తెలియలేదు? నాకు ఏ బాధా లేదు, మెట్లు గబగబా ఎక్కుతాను. ఆపరేషన్ తప్పదా? ఇద్దరు పిల్లలున్నారు, వాళ్లకూ వస్తుందా? (కర్నూలు)

జవాబు: ముందు ఆ డాక్టరమ్మకు ఒక నమస్కారం పెట్టండి. క్యాంపుల్లో వరసగా వందమందిని చూస్తూ ఒకరి గుండె మీద అంతసేపు చెవి పెట్టేవాళ్లు తక్కువ.

గుండె నుంచి ఒంటికంతా రక్తం పోయే పెద్ద నాళం (అయోర్టా) మొదట్లో ఉండేది అయోర్టిక్ వాల్వు. దానికి మామూలుగా మూడు రెక్కలుంటాయి. మీరు కడుపులో ఉన్నప్పుడు వాటిలో రెండు విడిపోకుండా అతుక్కుపోయాయి, అందుకే మీకు రెండే. వందమందిలో ఒకరికి, కొన్ని లెక్కల్లో ఇద్దరికి ఇది ఉంటుంది, ఆడవాళ్లలో కంటే మగవాళ్లలో చాలా ఎక్కువ. అంటే ఇది అరుదేమీ కాదు, పుట్టుకతో వచ్చే గుండె తేడాలన్నిటిలో ఎక్కువమందిలో కనపడేది ఇదే. దీని చుట్టాలు మాత్రం నిజంగా అరుదు. ఒకే రెక్క ఉండే వాల్వు చిన్న వయసులోనే బిగుసుకుపోతుంది. నాలుగు రెక్కలుండేది కూడా ఉంది, అది వేలమందిలో ఒకరికి, దానికి బిగుసుకోవడం కంటే లీకయ్యే గుణం ఎక్కువ.

ఇన్నేళ్లు ఎందుకు తెలియలేదంటే, రెండు రెక్కలతో కూడా వాల్వు బాగానే తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. కాకపోతే మూడు రెక్కలు పంచుకోవాల్సిన ఒత్తిడిని రెండే మోస్తాయి, రక్తం నున్నగా జారిపోకుండా సుడులు తిరుగుతూ రెక్కలకు కొట్టుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ రెక్కలు మందంగా అయి, సున్నం పట్టి, కదలడం తగ్గిపోతుంది. మూడు రెక్కలవాళ్లకు డెబ్బై దాటాక వచ్చే ఈ బిగుతు (రిపోర్టులో స్టెనోసిస్ అంటే అదే) మీలాంటివాళ్లకు పది, ఇరవై ఏళ్లు ముందుగానే వస్తుంది. కొలెస్ట్రాల్ మాత్రలతో దీన్ని ఆపవచ్చేమో అని పెద్ద పరీక్షలే చేశారు, ఆగలేదు. కాబట్టి "వాల్వు కరిగే మందు" అని ఎవరైనా పొట్లం చేతిలో పెడితే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

ఇప్పుడు ఆపరేషన్ సంగతి. అవసరం లేదు. మైల్డ్ అంటే నిజంగానే మైల్డ్. వాల్వు దగ్గర రక్తం వేగం సెకనుకు 4 మీటర్లు దాటినా, సగటు గ్రేడియెంట్ (వాల్వుకు అటూ ఇటూ ఉండే ఒత్తిడి తేడా) 40 దాటినా, వాల్వు వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరుకు తగ్గినా దాన్ని సివియర్ అంటాం. సివియర్ అయ్యి నడిస్తే ఆయాసం, ఛాతీలో నొప్పి, లేదా కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏ ఒక్కటి మొదలైనా ఇక వాయిదా వేయకూడదు. మీరు అక్కడికి చాలా దూరంలో ఉన్నారు.

నేను మీ రిపోర్టులో ఎక్కువసేపు చూసింది వాల్వు కాదు, ఆ చివరి ముక్క, 41 ఎంఎం. రెండు రెక్కల వాల్వు ఉన్నవాళ్లలో చాలామందికి దాని పైనుండే నాళం గోడ కూడా కొంచెం బలహీనంగా ఉండి మెల్లగా వెడల్పవుతుంది. వాల్వు బాగానే ఉన్నా నాళం సాగుతూనే ఉండొచ్చు. 55 దాకా సాగితే ఆపరేషన్, ఇంట్లో ఎవరికైనా ఆ నాళం చీలిన చరిత్ర ఉన్నా, వేగంగా పెరుగుతున్నా 50కే ఆలోచిస్తాం. మీరు చేయాల్సింది ఏడాదికోసారి ఎకో, అదీ వీలైతే ఒకే చోట, ఎందుకంటే ఈ మిషన్‌లో 41, ఆ మిషన్‌లో 43 అంటే పెరిగిందో, కొలిచిన చేయి మారిందో తెలియక అందరికీ టెన్షన్. బీపీ పెరగనివ్వొద్దు. బీడీ సిగరెట్ ఉంటే ఈరోజే ఆపండి. నడవండి, సైకిల్ తొక్కండి, ఊపిరి బిగబట్టి మూటలెత్తే పని మాత్రం వేరేవాళ్లకు వదిలేయండి.

ఇంకో చిన్న పరీక్ష, దీనికి పైసా ఖర్చు కాదు, కానీ చాలాచోట్ల మర్చిపోతారు. చేతిలో బీపీ చూసినట్టే కాలిలో కూడా చూడమనండి. పెద్ద నాళం కిందికి తిరిగేచోట పుట్టుకతో నొక్కుకుపోయి ఉండే జబ్బు ఒకటుంది, కోఆర్క్టేషన్ అంటారు. అది ఉన్నవాళ్లలో సగంమందికి పైగా మీలాగే రెండు రెక్కల వాల్వు ఉంటుంది. చేతిలో 160 ఉండి కాలిలో 110 ఉంటే అనుమానించాల్సిందే.

పిల్లలిద్దరికీ, మీ తోడబుట్టినవాళ్లకూ ఒక్కసారి ఎకో తీయించండి. దగ్గరి రక్తసంబంధీకుల్లో సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుంది. ఇక జ్వరం వారం దాటితే ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకోకముందే "నాకు వాల్వు తేడా ఉంది, బ్లడ్ కల్చర్ చేయండి" అని ఆసుపత్రిలో అడగండి. ఇలాంటి వాల్వులకు సూక్ష్మక్రిములు పట్టుకునే గుణం ఎక్కువ, యాంటీబయాటిక్ పడ్డాక కల్చర్‌లో ఏ క్రిమో దొరకదు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా పాపకు 19 ఏళ్లు, డిగ్రీ చదువుతోంది. ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకుంటుంది, పది నిమిషాలకు ఠక్కున ఆగిపోతుంది. రెండేళ్లు భయం జబ్బని మాత్రలు మింగించారు. ఇప్పుడు బెంగళూరులో ఎకో తీసి ఎబ్‌స్టీన్ ఎనామలీ, మోడరేట్ టీఆర్, చిన్న ఏఎస్‌డీ అన్నారు. నేను గర్భంతో ఉన్నప్పుడు వాడిన మాత్రల వల్లే అని మా ఆడబిడ్డ అంటోంది. పాపకు పెళ్లి చేయవచ్చా? సంబంధం వచ్చినవాళ్లకు చెప్పాలా? (గుంతకల్లు)

జవాబు: అమ్మా, ముందు మీ ఆడబిడ్డ మాట పక్కన పెట్టండి. మానసిక జబ్బుకు వాడే లిథియం అనే మందుకూ దీనికీ లింకు ఉందని ఒకప్పుడు గట్టిగా చెప్పేవారు, తర్వాత చూస్తే అది అనుకున్నంత పెద్దది కాదని తేలింది. ఈ జబ్బుతో పుట్టినవాళ్ల తల్లుల్లో అత్యధికులు ఆ మందు ముట్టనివాళ్లే. జ్వరానికి, వాంతులకు వేసుకున్న మాత్రల గురించి మీరు పందొమ్మిదేళ్ల తర్వాత కుమిలిపోవాల్సిన పని లేదు.

ఇది అరుదైనదే. గుండె తేడాతో పుట్టే పిల్లల్లో నూటికి ఒక్కరు కూడా ఉండరు. 1866లో విల్‌హెల్మ్ ఎబ్‌స్టీన్ అనే జర్మన్ డాక్టరు, చనిపోయిన ఒక కూలీ గుండెను కోసి చూసి దీన్ని మొదట రాశాడు. ఆ కుర్రాడికీ పందొమ్మిదేళ్లే, దడ, ఆయాసంతోనే ఆసుపత్రికి వచ్చాడు. కంగారుపడకండి, అప్పుడు ఎకో లేదు, ఆపరేషన్ లేదు, ఏమీ లేదు.

గుండె కుడివైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండేది ట్రైకస్పిడ్ వాల్వు. దాని రెక్కలు పిండం దశలో గోడనుంచి ఊడి విడిపోయి, సరైన చోట నిలబడాలి. మీ పాపకు అవి పూర్తిగా విడిపోలేదు, అందుకే వాల్వు ఉండాల్సిన చోటికంటే కిందికి జారినట్టు ఉంటుంది. దాంతో కింది గదిలో కొంత భాగం పై గదిలో కలిసిపోయి, పంపు చేసే గది చిన్నదవుతుంది. రెక్కలు సరిగ్గా ఆనుకోవు కాబట్టి రక్తం వెనక్కి లీకవుతుంది, రిపోర్టులో టీఆర్ అంటే అదే. లీకైన రక్తంతో పై గది సాగుతుంది, సాగిన గదిలో కరెంటు తప్పుదారి పట్టి దడ వస్తుంది. పైగా ఈ జబ్బు ఉన్నవాళ్లలో కొంతమందికి పై గదికీ కింది గదికీ మధ్య పుట్టుకతోనే అదనపు కరెంటు దారి ఒకటుంటుంది. ఉన్నట్టుండి మొదలై ఠక్కున ఆగిపోయే దడ దాని లక్షణమే. భయంతో వచ్చే దడ అలా స్విచ్ వేసినట్టు రాదు, పోదు. దడ ఉన్నప్పుడే, ఆగిపోకముందే, దగ్గర్లో ఎక్కడైనా ఈసీజీ తీయించండి. ఆ ఒక్క కాగితం పది ఎకోల పెట్టు. అదనపు దారి ఉందని తేలితే తొడ దగ్గర నరంలోంచి సన్నటి తీగ పంపి కాల్చేస్తారు, అబ్లేషన్ అంటారు, దీనికి ఛాతీ కోయాల్సిన పని లేదు.

వాల్వు ఆపరేషన్ ఇప్పుడే కావాలా అనేది లీకు ఎంత, కుడి గది ఎంత సాగింది, పాప ఎంత నడవగలుగుతోంది, ఆక్సిజన్ ఎంత ఉంది అన్న వాటిని బట్టి. చేయాల్సి వస్తే వాల్వు మార్చడం కంటే ఉన్నదాన్నే విప్పి, తిప్పి, సరైన చోట కుట్టడం మేలు. బ్రెజిల్ సర్జన్ డా సిల్వా కనిపెట్టిన కోన్ రిపేర్ ఇప్పుడు మన దేశంలో కూడా చేస్తున్నారు. అయితే ఇది ఏడాదికి ఎన్నో చేసే చేతుల్లోనే చేయించాలి. "మీరు ఇలాంటివి ఎన్ని చేశారు" అని సర్జన్‌ను అడగడానికి మొహమాటపడకండి, మంచి సర్జన్ ఎవరూ నొచ్చుకోరు.

ఒక జాగ్రత్త. పైగదుల మధ్య గోడలో చిన్న రంధ్రం (ఏఎస్‌డీ) కూడా ఉంది కదా, కుడివైపు ఒత్తిడి పెరిగినప్పుడు అక్కడి రక్తం ఊపిరితిత్తులకు పోకుండా నేరుగా ఎడమవైపుకు దాటుతుంది. ఈ జబ్బులో కొంతమందికి పెదాలు, గోళ్లు నీలం తిరగడం అందుకే. ఎప్పుడైనా నీరసమని సెలైన్ ఎక్కిస్తే పైపులో గాలి బుడగలు ఒక్కటి కూడా లేకుండా చూడమని గట్టిగా చెప్పండి. మామూలు మనిషికి చిన్న బుడగ ఊపిరితిత్తుల్లో ఆగిపోతుంది, మీ పాపకు అదే బుడగ మెదడుకు పోవచ్చు.

పెళ్లి గురించి. చేయవచ్చు. ఆక్సిజన్ బాగుండి, గుండె పంపు బాగుంటే చాలామంది పిల్లల్ని కూడా కన్నారు, కాకపోతే గర్భం దాల్చకముందే గుండె డాక్టరుతో, ఆడవాళ్ల డాక్టరుతో కలిపి మాట్లాడుకోవాలి. అవతలివాళ్లకు చెప్పాలా అంటే, చెప్పాలి. దాచి చేస్తే మొదటి దడకే గొడవ మొదలవుతుంది, అప్పుడు పాప వైద్యానికి కూడా దిక్కుండదు. ఇదే జబ్బు అబ్బాయికి ఉంటే నాకు ఈ పెళ్లి ప్రశ్న వచ్చేది కాదేమో. ఆ సంగతి మీతో కాదు, మనందరితో అంటున్నాను. చదువు మాత్రం ఆపించొద్దు.

ప్రశ్న: మా బాబుకు 8 ఏళ్లు. పుట్టినప్పుడే గుండెలో రంధ్రం ఉందన్నారు, చిన్నది, దానంతట అదే పూడుతుందన్నారు. మూడేళ్ల దాకా చూపించాం, రంధ్రం తగ్గిందన్నారు, ఇక మానేశాం. మొన్న స్కూలుకు వచ్చిన హెల్త్ టీమ్ చూసి పంపితే ఎకోలో రంధ్రం 4 ఎంఎం, డబ్లీ కమిటెడ్ వీఎస్‌డీ, కస్ప్ ప్రొలాప్స్, మైల్డ్ ఏఆర్ అని వచ్చింది. ఆపరేషన్ అంటున్నారు. వాడు రోజంతా క్రికెట్ ఆడతాడు. తగ్గిన రంధ్రానికి ఆపరేషన్ ఏంది సార్? బటన్ వేస్తే సరిపోదా? (ప్రొద్దుటూరు)

జవాబు: మీ కోపం అర్థమైంది. కానీ ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అన్నిటికంటే తొందరపడాల్సింది మీరే.

రంధ్రం ఎంతుంది అనేది సగం సంగతి, ఎక్కడుంది అనేది మిగతా సగం. కండరం మధ్యలో ఉండే చిన్న రంధ్రాలు చాలావరకు పూడిపోతాయి, "దానంతట అదే" అని చెప్పేది వాటి గురించి. మీ బాబుది కింది గదుల మధ్య గోడలో, అయోర్టిక్ వాల్వుకు, పల్మనరీ వాల్వుకు (ఊపిరితిత్తులకు పోయే నాళం మొదట్లో ఉండేది) సరిగ్గా కింద ఉంది, డబ్లీ కమిటెడ్ వీఎస్‌డీ అంటే అదే. అక్కడ రంధ్రం పూడదు. పైగా వాల్వు రెక్కకు కింద ఆధారంగా ఉండాల్సిన గోడే అక్కడ లేదు. యూరప్ వాళ్లకంటే మన ఆసియా వాళ్లలో ఈ రకం ఎక్కువ.

మోటారు వేసినప్పుడు నీళ్లు బలంగా దూసుకుపోయే సందు దగ్గర పలచటి గుడ్డ పెట్టి చూడండి, సందులోకి లాక్కుపోతుంది. రంధ్రంలోంచి రక్తం అంత వేగంతో దూకుతుంటే పక్కనున్న వాల్వు రెక్క అలాగే కిందికి లాగబడి రంధ్రంలోకి వేలాడుతుంది, కస్ప్ ప్రొలాప్స్ అంటే ఇదే. రెక్క రంధ్రాన్ని కొంత మూసేస్తుంది కాబట్టి ఎకోలో రంధ్రం చిన్నదైనట్టు కనపడుతుంది. మూడేళ్లప్పుడు మీకు చెప్పిన శుభవార్త బహుశా అదే. రెక్క సాగేకొద్దీ మిగతా రెండిటితో ఆనుకోదు, రక్తం వెనక్కి కారుతుంది. ఏఆర్ అంటే ఆ కారడమే.

వాడు క్రికెట్ ఆడతాడు, నిజమే, మైల్డ్ లీకుతో ఆడకుండా ఎందుకుంటాడు? లక్షణాలు వచ్చేదాకా ఆగితే లీకు సివియర్ అవుతుంది, అప్పుడు రంధ్రం మూసినా సాగిన రెక్క వెనక్కి రాదు, దాన్ని రిపేరు చేయాలి, కుదరకపోతే వాల్వే మార్చాలి. ఎదిగే పిల్లాడికి వాల్వు మార్చడం ఎంత తలనొప్పో చెప్పలేను. పిల్లాడు పెరుగుతాడు, వాల్వు పెరగదు, పైగా లోహపు వాల్వు అయితే జీవితాంతం రక్తం పలచన చేసే మాత్రలు. ఇప్పుడైతే రంధ్రానికి ఒక ప్యాచ్ కుట్టి, రెక్కను కాపాడుకుని బయటపడొచ్చు. బటన్ (ఛాతీ కోయకుండా తీగతో పంపి రంధ్రం మూసే బిళ్ల) ఇక్కడ మంచిది కాదు, దాని అంచు ఆనుకోవడానికి వాల్వుకు కింద చోటే లేదు, ఆనుకుంటే రెక్కనే గాయపరుస్తుంది.

ఇలాగే వాల్వుకు కింద పలచటి పొర ఒకటి పుట్టుకతో గానీ తర్వాత గానీ ఏర్పడి, అక్కడినుంచి చిమ్మే రక్తం రెక్కలను కొట్టి కొట్టి లీకు తెప్పించే జబ్బూ ఉంది. ఆ పిల్లల తల్లిదండ్రులు కూడా పక్కవీధి తేడాకు వాల్వు ఎందుకు పాడైందని అడుగుతుంటారు.

ఎక్కడ చేయించాలని మీరు అడగలేదు గానీ అడుగుతారని తెలుసు. తిరుపతిలో టీటీడీ 2021లో చిన్నపిల్లల హృదయాలయం పెట్టింది. పుట్టపర్తి సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 1991 నుంచి పైసా తీసుకోకుండా గుండె ఆపరేషన్లు చేస్తోంది, వరుసలో ఆగాల్సి రావచ్చు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న పథకంలో పిల్లల గుండె ఆపరేషన్లు ఉన్నాయి. స్కూలుకు వచ్చింది 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం టీమ్ అయితే, వాళ్లిచ్చిన కాగితం పారేయకండి, రెఫరల్ కౌంటర్లో అదే ముందు అడుగుతారు.

ప్రశ్న: గ్రహణం రోజు తెలియక కూరగాయలు తరిగాను. ఐదో నెల. కడుపులో బిడ్డకు గుండెలో ఏమైనా తేడా వస్తుందా? మాది మేనరికం. (కడప)

జవాబు: గ్రహణానికి రాదమ్మా. బిడ్డ గుండె మూడో వారం నుంచి ఎనిమిదో వారం లోపలే తయారైపోతుంది, చాలామందికి నెల తప్పిందని గట్టిగా తెలిసేలోపే. ఐదో నెలలో మీరు వంకాయ తరిగినా, గుమ్మడికాయే పగలగొట్టినా వాల్వు రెక్కలు అతుక్కోవు. మేనరికం మాత్రం లెక్కలోకి తీసుకోవాల్సిన విషయమే, దగ్గరి బంధువుల పెళ్లిళ్లలో పుట్టే పిల్లల్లో గుండె తేడాలు కొంచెం ఎక్కువ. అలాగే గర్భానికి ముందునుంచీ అదుపులో లేని షుగరు, మొదటి నెలల్లో రుబెల్లా, మూర్ఛకు వాడే కొన్ని మందులు. చాలా కేసుల్లో ఏ కారణమూ దొరకదు. ఐదో నెల అంటున్నారు కాబట్టి ఇదే సరైన టైము, 18 నుంచి 22 వారాల మధ్య ఫీటల్ ఎకో (కడుపులో బిడ్డ గుండెకు తీసే ఎకో) అడిగి చేయించుకోండి.

ప్రశ్న: నా భార్యకు 27 ఏళ్లు. మైట్రల్ వాల్వు లీకు, కీళ్లవాతం జ్వరం వల్ల వచ్చిందని చెప్పి తొమ్మిదేళ్లుగా 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది వేయిస్తున్నారు. చిన్నప్పుడు కీళ్లు వాచిన గుర్తే లేదు. ఇప్పుడు వేరే ఆసుపత్రిలో ఎకో చూసి క్లెఫ్ట్ మైట్రల్ వాల్వ్, పక్కనే రంధ్రం, పుట్టుకతోనే అంటున్నారు. ఇన్ని సూదులూ వృథాయేనా? (తాడిపత్రి)

జవాబు: నొప్పి సంగతి నాకు తెలుసు, ఆ సూది పడిన రోజు మనిషి కూర్చోలేదు. కానీ మొదటి డాక్టరును తిట్టుకోకండి. మన దేశంలో పడుచు వయసులో మైట్రల్ వాల్వు (గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండేది) పాడైందంటే చాలావరకు చిన్నప్పటి గొంతునొప్పి తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరమే కారణం, కీళ్లు వాచినట్టు చాలామందికి గుర్తుండదు కూడా. ఆ అనుమానంతో సూది మొదలుపెట్టడం తప్పు కాదు. రెక్క ఎలా ఉందో దగ్గరగా చూసి ఇంకోసారి నిర్ధారించుకోవాల్సింది.

రుమాటిక్‌లో రెక్కల అంచులు మందమై, అతుక్కుని, రెక్కలను పట్టి ఉంచే తాళ్లు పొట్టివవుతాయి. క్లెఫ్ట్‌లో రెక్క మెత్తగా, పలచగానే ఉంటుంది గానీ మధ్యలో పుట్టుకతోనే చీలి ఉంటుంది, ఆ చీలికలోంచి లీకు. పైగదుల గోడ కింది అంచున రంధ్రం కూడా ఉందంటే రెండూ ఒకే లోపం, గుండె మధ్యభాగం సరిగ్గా కలవకపోవడం. ఈసీజీలో కూడా దీనికి ఒక గుర్తు ఉంటుంది, యాక్సిస్ (గుండెలో కరెంటు పోయే దిక్కు) ఎడమవైపుకు తిరిగిపోతుంది. పాత ఈసీజీలు ఉంటే తీసి చూపించండి. ఆపరేషన్‌లో చీలిక కుట్టి, రంధ్రం మూసేస్తారు, చాలామందికి వాల్వు మార్చాల్సిన అవసరం రాదు. తర్వాత కూడా ఎకోలు మానొద్దు, కుట్టిన చోట ఏళ్ల తర్వాత మళ్లీ కొంత లీకు రావచ్చు.

ఎడమ పైగది మధ్యలో అడ్డంగా ఒక పొర ఉండి, వాల్వు నిక్షేపంగా ఉన్నా వాల్వు మూసుకుపోయినట్టే ఆయాసం తెప్పించే జబ్బు కూడా ఉంది, కోర్ ట్రయాట్రియాటమ్ అంటారు, మహా అరుదు. పొర కోసేస్తే మనిషి మామూలే.

సూదులు మీ అంతట మీరు ఆపొద్దు. రెండో అభిప్రాయం చెప్పిన డాక్టరు "రుమాటిక్ కాదు, ఆపండి" అని కాగితం మీద రాసిచ్చాక ఆపండి.

ప్రశ్న: మా అమ్మకు 52. గుండె కింది గదులు తారుమారుగా ఉన్నాయని, ట్రైకస్పిడ్ లీకు అని, పేస్‌మేకర్ కావాలని చెప్పారు. ముగ్గురు పిల్లల్ని కనింది, చేనుపని చేసింది. ఇదెలా సాధ్యం? (జమ్మలమడుగు)

జవాబు: సాధ్యమే. దీన్ని కరెక్టెడ్ ట్రాన్స్‌పొజిషన్ అంటారు. కింది గదులు తారుమారయ్యాయి, వాటినుంచి బయల్దేరే నాళాలు కూడా తారుమారయ్యాయి, రెండు తప్పులు కలిసి రక్తం చివరికి సరైన చోటికే పోతుంది. అందుకే యాభై ఏళ్లు తెలియలేదు. చిక్కు ఏమిటంటే, ఊపిరితిత్తులకు మాత్రమే పంపడానికి పుట్టిన కుడి గది మీ అమ్మ ఒంట్లో మొత్తం శరీరానికి పంపుతోంది, దాని వాకిట్లో ఉన్నది ట్రైకస్పిడ్ వాల్వు. ఆ ఒత్తిడి దానికి అలవాటున్నది కాదు. మామూలు మనుషుల్లో ట్రైకస్పిడ్ లీకును కొంత తేలిగ్గా తీసుకుంటాం, ఈ జబ్బులో తీసుకోకూడదు. పంపు బలం బాగా పడిపోయాక వాల్వు మారిస్తే ఫలితం అంతంతమాత్రం, కాబట్టి వాల్వు నిర్ణయం పంపు బాగున్నప్పుడే జరగాలి. గుండెను కొట్టించే కరెంటు కూడా వీళ్లలో వంకర దారిలో పోతుంది, ఏటా నూటికి ఇద్దరిలో పూర్తిగా ఆగిపోతుంటుంది. పేస్‌మేకర్ అందుకే, దానికి వెనకాడొద్దు. అయితే పెద్దవాళ్లయిన పుట్టుక గుండెజబ్బు పేషంట్లను చూసే డాక్టరుకు ఒకసారి చూపించాకే పెట్టించండి, పేస్‌మేకర్ తీగ ఏ గదిలో పెట్టాలన్నది కూడా వీళ్లకు ముఖ్యమే.

ప్రశ్న: సార్, నేను టైలర్‌ని, 29 ఏళ్లు. పారాచ్యూట్ మైట్రల్ వాల్వ్ అని చెప్పి ఏడేళ్ల కిందట వాల్వు మార్చారు. చిత్ర వాల్వు వేశారంట. మన దేశంలో చేసింది కాబట్టి నాసిరకం అని మా బావ అంటాడు. నిజమా? ఐఎన్‌ఆర్ ఒకసారి 1.6, ఒకసారి 4.8 వస్తోంది. ఆకుకూరలు మానేయమన్నారు, గోగాకు లేకుండా నాకు ముద్ద దిగదు. ఇప్పుడు దవడ పన్ను పీకించుకోవాలి. (ఆదోని)

జవాబు: మీ బావకు చెప్పండి: తిరువనంతపురం శ్రీ చిత్ర ఇన్‌స్టిట్యూట్‌లో డాక్టర్ వలియత్తాన్ బృందం ఏళ్ల తరబడి కష్టపడి, ముందటి నమూనాలు పరీక్షల్లో పోతే మళ్లీ మొదలుపెట్టి, చివరికి 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చిన వాల్వు అది. విదేశీ వాల్వులకంటే చవక, అంతే, నాసిరకం కాదు. లోపల తిరిగే బిళ్ల ప్లాస్టిక్‌ది కాబట్టి టక్కుటక్కు శబ్దం కూడా తక్కువ.

పారాచ్యూట్ అంటే, వాల్వు రెక్కల తాళ్లు రెండు కండరాలకు పంచి కట్టి ఉండాల్సింది మీకు పుట్టుకతో ఒకే కండరానికి వచ్చి చేరాయి, వాల్వు సరిగ్గా విచ్చుకోలేదు. ఇది ఒక్కోసారి ఒంటరిగా రాదు. వాల్వు పైన ఉంగరంలాంటి పొర, అయోర్టిక్ వాల్వు కింద బిగుతు, పెద్ద నాళంలో నొక్కు, ఇవన్నీ కలిసి ఉంటే షోన్ కాంప్లెక్స్ అంటారు, 1963లో షోన్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు రాశారు. మీ పాత రిపోర్టుల్లో అయోర్టా గురించి ఏం రాశారో ఒకసారి చూపించుకోండి.

నాకు టెన్షన్ తెప్పించింది మీ ఐఎన్‌ఆర్, అంటే రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే అంకె. మీలా మైట్రల్ చోట లోహపు వాల్వు ఉన్నవాళ్లకు అది 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. 1.6 అంటే వాల్వు మీద రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు, బిళ్ల ఇరుక్కుపోవచ్చు. 4.8 అంటే లోపల రక్తస్రావం. ఇంత ఊగడానికి ఆకుకూర ఒక్కటే కారణం కాదు. రక్తం పలచన చేసే మాత్ర మర్చిపోవడం, మరుసటి రోజు రెండు వేసుకోవడం, ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో కొన్న గోలీలు, జ్వరానికి యాంటీబయాటిక్, మద్యం, ఇవన్నీ చూడాలి. సాయంత్రం ఒకే టైముకు మాత్ర, మింగాక క్యాలెండర్‌లో గీత. నడుముకు వేసే సూదులు వద్దు, లోపల రక్తం కట్టి ఉబ్బుతుంది.

ఆకుకూరలు మానేయమనడం పాత పద్ధతి. వాటిలోని విటమిన్ కె మాత్ర పనిని తగ్గిస్తుంది, నిజమే. కానీ నెలంతా మానేసి పండక్కి మూడు రోజులు తోటకూర, మునగాకు, గోగాకు వరసగా తింటేనే ఐఎన్‌ఆర్ పల్టీ కొడుతుంది. వారానికి రెండుసార్లు తింటే ప్రతి వారం రెండుసార్లే, దాదాపు అంతే మోతాదులో తినండి. మాత్ర డోసును దానికి తగ్గట్టు డాక్టరు సర్దుతారు.

పన్ను పీకించుకునేముందు పళ్ల డాక్టరుకు వాల్వు కార్డు చూపించండి. లోహపు వాల్వు ఉన్నవాళ్లకు పన్ను పీకడానికి అరగంట, గంట ముందు యాంటీబయాటిక్ తప్పనిసరి, పెద్దవాళ్లకు మామూలుగా అమాక్సిసిలిన్ 2 గ్రాములు ఒకేసారి, పెన్సిలిన్ పడకపోతే వేరేది రాస్తారు. పైన కండక్టర్ గారిలాంటి సొంత వాల్వు ఉన్నవాళ్లకు ఇది అక్కర్లేదు, పళ్లు శుభ్రంగా ఉంచుకుంటే చాలు. రక్తం పలచన చేసే మాత్రను మీ అంతట మీరు ఆపి మాత్రం పోవద్దు, ఒకట్రెండు రోజుల ముందు ఐఎన్‌ఆర్ చూసి, హద్దులో ఉంటే మాత్ర మీదే ఒక పన్ను పీకి, కుట్టువేసి పంపగలరు. 4.8 ఉన్న వారంలో మాత్రం పన్ను జోలికి పోకండి. సంగటి, చెనక్కాయల ఊరిబిండి, పెరుగు మీ ఇష్టం, వాటితో ఐఎన్‌ఆర్‌కు పేచీ లేదు.